గోడకు అవతలి ఇల్లు

మన కాలనీ సభకు నమస్కారం. పెద్దలందరికీ పేరుపేరునా చెప్పాలి గానీ, నాకిచ్చింది పది నిమిషాలే. 'పెరుగుతున్న మన నెల్లూరు' మీద మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్లు ఈ ఊళ్లో ఉత్తరాలు పంచినవాణ్ణి, నాకు తెలిసిందల్లా వీధులే.

మూలాపేట బీటులో ఒక వీధిలో దూరి ఇంకో వీధిలో తేలేవాణ్ణి. ఇరుకు వీధులే. ఎదురుగా ఎద్దుబండి వస్తే సైకిలు దిగి అరుగెక్కాల్సిందే. అయినా ఏ వీధీ నన్ను వెనక్కి పంపలేదు. తర్వాత నన్ను కొత్త లేఅవుట్ల బీటుకు వేశారు. రోడ్లు విశాలం, చివర మాత్రం గోడ.

ఆ గోడకు అవతల ఒక అవ్వ ఉండేది. ఇవతలి చివరి ఇంట్లో ఉత్తరమిచ్చి తలెత్తితే ఆమె దండెం మీది చీర కనిపించేది. రోడ్డున పోవాలంటే మెయిన్ రోడ్డెక్కి, మళ్లీ దిగి, రెండు కిలోమీటర్లు. చెన్నైలో ఉన్న కొడుకు నెలనెలా మనియార్డరు పంపేవాడు. నా బెల్లు వినగానే స్టూలెక్కి "వచ్చినావా నాయనా" అనేది. గోడ మీద గాజుపెంకులు. వాటిపై గోనెసంచి మడతేసి చెయ్యి చాపితే, ఇంకు పూసిన బొటనవేలు ఫారం మీద నేనే నొక్కేవాణ్ణి. ఒకరోజు సంచి జారింది. మణికట్టు తెగింది. వేలిముద్ర పక్కన నెత్తురు చుక్క పడింది. ఆనాటి నుంచి చుట్టూ తిరిగే వెళ్లాను.

ఇది మన ఊరి జబ్బే అనుకున్నా. కాదు. 2020లో కెనడాలోని మెక్‌గిల్, అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల పరిశోధకులిద్దరు ప్రపంచమంతటి వీధుల మ్యాపులు లెక్కగట్టారు. కూడలిలో ఎన్ని రోడ్లు కలుస్తున్నాయి, ఎన్ని వీధులు చివర మూసుకుపోయాయి, సూటిదూరం కంటే ఎంత ఎక్కువ తిరగాలి అని చూశారు. 1975 తర్వాత వేసిన వీధులు చాలా దేశాల్లో అంతకంతకూ ఒకదానితో ఒకటి కలవడం లేదని తేలింది. నడిచి పోవాల్సినవాడు బండి తీస్తాడు, బండ్లన్నీ ఒకే మెయిన్ రోడ్డు మీద పడతాయి. ఇల్లయితే పడగొట్టి కట్టుకుంటాం. వీధి అలా కాదు, జైపూరులో 1727లో వేసిన వీధుల్లోనే ఇవాళ్టికీ జనం నడుస్తున్నారు. మన ఊరిని రైలు పట్టాలు ఎటూ రెండు చేశాయి, గట్టి వానొస్తే అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు. మిగిలిన దారులకు గోడలు మనమే కట్టాలా?

మళ్లీ ఆ అవ్వ గోడ దగ్గరికే వస్తున్నా, క్షమించండి. అమ్మా, అయ్యా, ఇవాళ్టి అజెండాలో మూడో అంశం చూడండి. మన రెండో రోడ్డు చివర, పక్క లేఅవుట్ వైపు గోడ కట్టాలని. దొంగల భయమన్నారు. మా ఇల్లూ ఆ రోడ్డులోనే, నాకూ టెన్షనే. లైటు వేద్దాం, కెమెరా పెడదాం, మొదటి చందా నాది. గోడ మాత్రం వద్దు.

నాలుగున్నరకు బడి వదులుతారు. ఓటేసే ముందు నాతో ఆ చివరిదాకా రండి, ఎంతమంది పిల్లలు అటు దాటుతారో నిలబడి చూద్దాం.