టీకాల నమోదు కంప్యూటర్‌లోకి మారితే గిట్టుబాటవుతుందా?

వ్యాఖ్యాత: తర్వాతి ఫోను. నమస్కారమండీ, చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. టీకాల కేంద్రంలో లెక్కలు చూస్తుంటాను. పిల్లల నమోదు కంప్యూటర్‌లోకి మారి 2 ఏళ్లయింది. ఖర్చు గిట్టిందో లేదో తేల్చి చెప్పమన్నారు. మొత్తం ఖర్చును నమోదైన పిల్లల సంఖ్యతో భాగించాను. సరిపోతుందా డాక్టర్ గారూ?

డాక్టర్: ఒక్కో పేరు ఎక్కించడానికి ఎంతయిందో తెలుస్తుందమ్మా, అంతే. పేరు ఎక్కితే తట్టు ఆగదు కదా! కంప్యూటర్ లేకపోతే మధ్యలో మానేసి ఉండే పిల్లల్లో ఎందరికి టీకాలు పూర్తయ్యాయి? పాత పద్ధతి కంటే అదనంగా అయిన ఖర్చును ఆ పిల్లల సంఖ్యతో భాగించండి.

శ్రోత: టీకాలు పూర్తయిన పిల్లలు మునుపటి కంటే పెరిగారండీ.

డాక్టర్: అదంతా కంప్యూటర్ పుణ్యమేనా? ఆ మధ్య కొత్త సిబ్బంది వచ్చారా, ఇంటింటి ప్రచారం జరిగిందా? ఇంకా పుస్తకాలతోనే నడుస్తున్న కేంద్రంతో పోల్చి చూడండి. అన్నట్టు, గడువు దాటిన పిల్లల తల్లులకు ఫోను చేస్తున్నారా?

శ్రోత: జాబితా అయితే ప్రతి నెలా వస్తుందండీ...

డాక్టర్: వచ్చి ఫైలులో నిద్రపోతోందన్నమాట! బిడ్డను పిలిపించేది ఫోను చేసే మనిషే, జాబితా కాదు. సరే, ఖర్చులో నర్సు సమయం వేశారా?

శ్రోత: జీతం ఎలాగూ ఇస్తున్నాం కదా అని వేయలేదండీ.

డాక్టర్: ఒక రోజు గడియారం పట్టుకుని ఆమె పక్కన కూర్చోండి. టీకా వేసి కార్డు మీద రాస్తుంది, పుస్తకంలో రాస్తుంది, సాయంత్రం అదే వివరం కంప్యూటర్‌లో కొడుతుంది. ఒక్కో బిడ్డకు 3 నిమిషాలు పట్టిందనుకోండి, 60 మంది వచ్చిన రోజున 3 గంటలు! ఆ పుస్తకం మూసేయనంత కాలం కంప్యూటర్ అదనపు భారమే. యంత్రాల ఖరీదును మాత్రం ఒక్క ఏడాది మీదే మోపకండి, అవి పనిచేసే ఏళ్లన్నిటికీ పంచండి. రేపటి రూపాయికి ఇవాళ్టి రూపాయంత విలువ ఉండదు కాబట్టి, రాబోయే ఏళ్ల ఖర్చునూ ఫలితాన్నీ ఏడాదికి 3 శాతం చొప్పున తగ్గించి చూడటం ఈ లెక్కల్లో వాడుక.

శ్రోత: ఒకే బిడ్డ పేరు రెండుసార్లు పడిన చోట్లున్నాయండీ.

డాక్టర్: అవి ముందు ఏరేయండి. లేకపోతే టీకాలన్నీ పడిన బిడ్డ కూడా రెండో పేరు మీద బకాయిగానే కనిపిస్తుంది.

శ్రోత: పుట్టిన తేదీ, తల్లి పేరు కలిపి వెతకమంటారా?

డాక్టర్: వెతకండి. అందుకు పట్టిన గంటలు కూడా ఖర్చు కిందే రాయండి.