కార్బన్ సైకిల్ హ్యాండిల్ ఎత్తు మార్చాలా? మైపాడు రోడ్డెక్కే ముందు ఇది చూడండి

అందరికీ నమస్కారం. ఈ రోజు వీడియో నెల్లూరు నుంచి. సెలవులకి వస్తూ విమానంలో కార్బన్ సైకిల్ వెంట తెచ్చుకునేవాళ్లు మనలో ఉన్నారు. పెట్టెలో పట్టడానికి హ్యాండిల్ ఊడదీస్తాం, ఇంటికొచ్చి వరండాలో బిగిస్తాం. పొరపాటు జరిగేది అక్కడే. తెల్లారి మైపాడు బీచ్‌కి పోవాలన్న తొందరలో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

మన పాత స్టీల్ సైకిల్లో హ్యాండిల్ కాడ ఫోర్కు లోపలికి దిగుతుంది. నడిబోల్టు వదులు చేసి, దాని నెత్తిన ఒక్కటిచ్చి, కావలసినంత పైకి లాగి బిగిస్తే సరి. కార్బన్ సైకిల్లో అలా కాదు. ఫోర్కు గొట్టాన్ని, అంటే స్టీరర్‌ని, స్టెమ్, అంటే హ్యాండిల్‌ని ఫోర్కుకి కలిపే ముక్క, బయటి నుంచి పట్టుకుంటుంది. ఎత్తు మారాలంటే స్పేసర్ రింగుల్ని స్టెమ్ కిందకో పైకో మార్చాలి. పైనున్న టాప్ క్యాప్ బోల్టు బేరింగుల్లో లూజు తీస్తుంది, అంతే. హ్యాండిల్‌ని ఫోర్కుకి పట్టి ఉంచేవి స్టెమ్ వెనకున్న రెండు బోల్టులే.

ఇప్పుడు గొట్టం లోపలికి చూడండి. ఇది ఎక్స్‌పాండర్ ప్లగ్. ఇదే తరహా స్టెమ్ ఉన్న స్టీల్ ఫోర్కులో కొట్టే, అంచులు లోపల గుచ్చుకునే స్టార్ నట్‌ని కార్బన్‌లో కొడితే లోపలి పొరలు చీరుకుపోతాయి, అందుకే ఇది. టాప్ క్యాప్ బోల్టుకి ఆధారం ఇవ్వడంతో పాటు, స్టెమ్ నొక్కే చోట గొట్టం నలగకుండా లోపలి నుంచి ఆనుకుని ఉంటుంది. హ్యాండిల్ దించుదామని 30 మి.మీ. స్పేసర్లు స్టెమ్ పైకి మార్చామనుకోండి. 40 మి.మీ. స్టెమ్ ఇప్పుడు గొట్టాన్ని పై అంచు నుంచి సుమారు 30కీ 70కీ మధ్య నొక్కుతుంది. ప్లగ్ పొడవు 25 మి.మీ. అయితే అది పైనే ఉండిపోయింది, స్టెమ్ నొక్కేది బోలు గొట్టాన్ని. పైకి ఏమీ కనపడదు. పొడుగు ప్లగ్ వేయాలి, లేదా గొట్టం కోయించాలి. చాలా కంపెనీలు స్టెమ్ పైన 5 మి.మీ. స్పేసర్ ఒక్కటి చాలంటాయి.

పైకి లేపడానికీ హద్దుంది. కింద వేసే స్పేసర్లు 30 లేక 40 మి.మీ. దాటకూడదని చాలా కంపెనీల మాన్యువల్లో ఉంటుంది. మీ ఫోర్కు మాన్యువల్ ఏది చెబితే అదే లెక్క. స్పేసర్లు పెంచేముందు స్టెమ్‌ని తిరగేసి చూడండి. 100 మి.మీ. పొడవు, 6 డిగ్రీల స్టెమ్ అయితే దాదాపు 20 మి.మీ. ఎత్తు అక్కడే వస్తుంది.

స్టెమ్ తీసేటప్పుడు ఫోర్కుని ఒక చేత్తో పట్టుకోండి, జారిపోతుంది. గొట్టం తుడిచి, స్టెమ్ పట్టిన గుర్తు మీద గోరు నడపండి. గోరు తగులుకున్నా, తెల్లటి గీత కనపడినా, మెత్తగా అనిపించినా ఆ ఫోర్కు పక్కన పెట్టేయాలి. ఎమ్‌సీల్ పూసి నడపొద్దు, దయచేసి.

తిరిగి బిగించినప్పుడు గొట్టం అంచు పై స్పేసర్ కన్నా 2, 3 మి.మీ. కిందుండాలి. సమానంగా ఉంటే క్యాప్ గొట్టాన్నే నొక్కి, లూజు ఎంతకీ పోదు. టాప్ క్యాప్ కొంచెం కొంచెంగా బిగిస్తూ, ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. టకటక ఆగిన చోట ఆపండి. హ్యాండిల్ బరువుగా తిరిగితే ఎక్కువైనట్టు. తర్వాత హ్యాండిల్‌ని చక్రానికి సూటిగా పెట్టి, వెనక బోల్టులు రెండూ మార్చి మార్చి, స్టెమ్ మీద రాసిన అంకె దాకా, పెట్టిన బిగువు రాగానే క్లిక్ మనే టార్క్ రెంచ్‌తోనే బిగించండి. సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు. ఫోర్కు కంపెనీ తక్కువ చెబితే ఆ తక్కువే. చేతి అంచనా వద్దు: స్టీల్ ఎక్కువ బిగిస్తే సొట్ట పడి చెబుతుంది, కార్బన్ లోపల చీలి చెప్పదు.

గొట్టానికి గ్రీజు పూయొద్దు. ఫోర్కు కంపెనీ ఒప్పుకుంటే, జారకుండా పట్టు ఇచ్చే కార్బన్ పేస్ట్ పూయొచ్చు. బోల్టు మరలకి మాత్రం కొద్దిగా గ్రీజు ఉండాలి, సముద్రపు ఉప్పుగాలికీ చెమటకీ తుప్పు తొందరగా పట్టుకుంటుంది. మైపాడు వెళ్లి తిరిగొచ్చాక అదే అంకెకి రెంచ్ మళ్లీ పెట్టండి. క్లిక్ రాకముందే బోల్టు తిరిగిందంటే స్టెమ్ విప్పి, ప్లగ్ ఎక్కడుందో ఇంకోసారి కొలవండి.