డీప్ పర్పుల్ ‘మేడ్ ఇన్ జపాన్’: రికార్డు కోసం వాయించని రికార్డు

[తెర మీద: చీకటి వేదిక, వెలుగు పడిన ఒక స్నేర్ డ్రమ్]

ఈ ఆల్బమ్ నేరుగా పాటతో మొదలవదు. స్నేర్ డ్రమ్ మీద ఇయన్ పేస్ కర్రలు చిన్నగా, గబగబా ఆడుతుంటాయి. పక్కన ఆర్గన్ స్వరం ఒకటి సాగుతుంటుంది. గిటార్ శ్రుతి చూసుకుంటుంది. ఐదుగురూ ఇంకా సర్దుకుంటున్నట్టే ఉంటుంది. ఆ సర్దుబాటులోంచే సంగీతం మెల్లగా చిక్కబడి, ఇయన్ గిల్లన్ గొంతు ఒక్కసారి పైకి లేచేసరికి ‘హైవే స్టార్’ పరుగు అందుకుంటుంది.

1972 ఆగస్టు 16, జపాన్‌లోని ఒసాకా ఫెస్టివల్ హాలు. ‘మేడ్ ఇన్ జపాన్’లో మొదటి పాట అక్కడిదే.

నమస్కారం. రాక్ సంగీతంలో లైవ్ ఆల్బమ్‌ల మాట వస్తే అభిమానులు యాభై ఏళ్లుగా ముందుగా చెప్పే పేర్లలో ఇదొకటి. ఎందుకో ఈరోజు వివరంగా మాట్లాడుకుందాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇది రికార్డు కోసం వాయించిన సంగీతం కాదు. ఆ రాత్రి, ఆ హాల్లో వాళ్ల కోసం, తమలో తాము ఒకరికొకరు వాయించుకున్నది. టేపు తిరుగుతోందన్న ధ్యాస వాళ్లకు లేదు. ఆ ధ్యాస లేకపోవడమే ఈ ఆల్బమ్‌ని నిలబెట్టింది.

[తెర మీద: ఐదుగురి పేర్లు, వాద్యాల బొమ్మలతో]

బ్యాండ్ పరిచయం త్వరగా. డీప్ పర్పుల్ 1968లో ఇంగ్లండ్‌లో మొదలైంది. మధ్యలో మనుషులు చాలాసార్లు మారారు. మనం మాట్లాడుకునేది రెండో జట్టు గురించి. పాట ఇయన్ గిల్లన్, గిటార్ రిచీ బ్లాక్‌మోర్, ఆర్గన్ జాన్ లార్డ్, బాస్ రోజర్ గ్లోవర్, డ్రమ్స్ ఇయన్ పేస్. అభిమానులు ‘మార్క్ టూ’ అని పిలుచుకునేది ఈ ఐదుగురినే. 1972 మార్చిలో వీళ్ల ‘మెషిన్ హెడ్’ ఆల్బమ్ వచ్చింది. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ ఉన్నది అందులోనే. జపాన్ కచేరీల్లో ఎక్కువ పాటలు ఆ ఆల్బమ్‌వే.

అసలు విషయం ఏమిటంటే, లైవ్ ఆల్బమ్ చెయ్యాలని వీళ్లకే పెద్దగా లేదు. వేదిక మీద తాము చేసేది ప్లాస్టిక్ రికార్డు పళ్లెంలోకి ఎక్కదని వాళ్ల నమ్మకం. అప్పట్లో చాలా లైవ్ రికార్డింగులు నీరసంగానే వినిపించేవి. కానీ జనం వేరేలా అనుకున్నారు. 1970లో జర్మనీలోని ఆహెన్‌లో వీళ్లు చేసిన ప్రదర్శనని ఎవరో దొంగతనంగా రికార్డు చేసి ‘హెచ్ బాంబ్’ పేరుతో అమ్మారు. అది బాగా అమ్ముడుపోయింది. బ్యాండ్‌కి ఒక్క పైసా రాలేదు, శబ్దం మీద అదుపూ లేదు. పైగా దానికి పత్రికల్లో మెప్పు కూడా దక్కింది.

అదే సమయంలో జపాన్‌లోని రికార్డు కంపెనీ అడిగింది: మా దేశానికి వస్తున్నారు కదా, ఇక్కడి కచేరీలు రికార్డు చేసి ఇక్కడే అమ్ముకుంటాం అని. బ్యాండ్ ఒప్పుకుంది, కానీ షరతులతో. తమ ఇంజనీరు మార్టిన్ బర్చ్ దగ్గరుండాలి. టేపులు తమకే ఇవ్వాలి. నచ్చకపోతే బయటికి రాకూడదు. ఖర్చు మూడు వేల డాలర్ల దాకా అయిందని చెబుతారు. ఆ స్థాయి బ్యాండ్‌కి అది చిల్లర లెక్క.

[తెర మీద: జపాన్ పటం, ఒసాకా, టోక్యో చుక్కలు వెలుగుతాయి]

ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకా. 17న టోక్యోలోని నిప్పాన్ బుడోకాన్. 1964 ఒలింపిక్స్‌లో జూడో పోటీలకని కట్టిన భవనం అది. 1966లో బీటిల్స్ అక్కడ వాయించాక రాక్ బ్యాండ్లకి గుర్తుండిపోయే చోటు అయింది.

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే ఆల్బమ్ గుట్టు సగం ఈ సాంకేతిక విషయంలోనే ఉంది. వాడింది ఎనిమిది ట్రాకుల రికార్డర్. అంటే ఒకే టేపు మీద పక్కపక్కనే ఎనిమిది దారులు. డ్రమ్స్, బాస్, గిటార్, ఆర్గన్, గొంతు, హాల్లో జనం, అన్నీ ఆ ఎనిమిదింటిలోనే సర్దాలి. అక్కడి సామగ్రి చూసి బర్చ్ కూడా కంగారుపడ్డాడు. పైగా వేదిక మీద ఒకరి మైకులోకి ఇంకొకరి వాద్యం కారిపోతుంది. గిటార్‌లో ఒక తప్పు స్వరం పడితే దాన్ని తర్వాత చెరిపేద్దామన్నా కుదరదు, అది పాటగాడి మైకులో, డ్రమ్స్ మైకులో కూడా ఉండనే ఉంటుంది. ఆ రోజుల్లో లైవ్ ఆల్బమ్ అని పేరు పెట్టి స్టూడియోలో గొంతు, గిటార్ మళ్లీ పాడి, వాయించి అతికించడం మామూలే. ఇందులో ఆ అతుకులు లేవు. మూడు రాత్రుల్లోంచి బాగా వచ్చిన వాయింపుల్ని ఎంచుకున్నారు, అంతే.

మిక్సింగ్‌కి, అంటే ఆ ఎనిమిది ట్రాకుల్ని కలిపి తుదిరూపు ఇచ్చే పనికి, వచ్చింది గ్లోవర్, పేస్ ఇద్దరే. మిగతావాళ్లకి అంత ఆసక్తి లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఆ ఇద్దరి పనితనం తెలుస్తుంది. ఆర్గన్ ఒక చెవి వైపు, గిటార్ ఇంకో చెవి వైపు నిలబడి ఉంటాయి. మధ్యలో గొంతు, బాస్, డ్రమ్స్. ఎవరు ఏమన్నారో, దానికి ఎవరు ఏం బదులిచ్చారో విడివిడిగా వినిపిస్తుంది.

[తెర మీద: రెండు చెవుల మధ్య వాద్యాల అమరిక, గీతల బొమ్మ]

ఇప్పుడు పాటల్లోకి వెళ్దాం. రెండు ఎల్‌పీ రికార్డులు, మొత్తం ఏడు పాటలే. లెక్క చూస్తేనే విషయం తెలుస్తుంది. ‘స్పేస్ ట్రకింగ్’ స్టూడియోలో నాలుగున్నర నిమిషాలు, ఇక్కడ దాదాపు 20 నిమిషాలు, ఒక పక్క మొత్తం అదే. ‘స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ ఉమన్’ నాలుగు నిమిషాల్లోపు సింగిల్, అంటే విడిగా అమ్మిన చిన్న రికార్డు, ఇక్కడ పదికి దగ్గర. కర్ణాటక కచేరీ విన్నవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. కీర్తన చిన్నదే, కానీ విద్వాంసుడు నెరవు దగ్గర ఆగి, స్వరకల్పన అందుకుంటే అది ఎంత దూరం పోతుందో ముందే ఎవరూ చెప్పలేరు. మనోధర్మం అని మనం దేన్నంటామో అలాంటిదే డీప్ పర్పుల్ విద్యుత్ గిటార్లతో చేసింది. పాట ఎముకల గూడు అలాగే ఉంటుంది, కండ ప్రతి రాత్రీ కొత్తగా పడుతుంది.

‘చైల్డ్ ఇన్ టైమ్’ తీసుకోండి. 1970 నాటి ‘ఇన్ రాక్’ ఆల్బమ్‌లోది. యుద్ధం నీడలో బతికే మనుషుల పాట. దీని మూలం వెతికితే మన దేశం పేరు తగులుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాండ్ ‘ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే’ 1969లో ‘బాంబే కాలింగ్’ అనే వాయింపు రికార్డు చేసింది. జాన్ లార్డ్ ఆ వరసని ఆర్గన్ మీద నెమ్మదిగా వాయిస్తుంటే ఈ పాట పుట్టిందని గిల్లన్ స్వయంగా ఒప్పుకున్నాడు.

ఒసాకాలో ఇది మొదలైనప్పుడు హాలు ఎంత నిశ్శబ్దంగా ఉందో గమనించండి. జనం వేల మంది ఉన్నారు, ఊపిరి కూడా వినిపించదు. గిల్లన్ దాదాపు గుసగుసగా మొదలుపెడతాడు. తర్వాత మాటలు అయిపోతాయి, ఒక్క అచ్చు శబ్దమే మిగులుతుంది. దాన్ని మెట్టు మెట్టుగా ఎక్కిస్తాడు. మామూలు గొంతు ఆగిపోయే చోట ఆగడు, ఇంకో మెట్టు ఎక్కుతాడు. ఆ పై మెట్టు అరుపు అవుతుంది, కానీ శ్రుతి తప్పదు. స్టూడియో రూపంలో కూడా ఇదంతా ఉంది. కానీ అక్కడ గొంతు పగిలితే మళ్లీ పాడొచ్చు. ఇక్కడ అవకాశం ఒక్కటే. వినేవాడికి ఆ సంగతి తెలుసు కాబట్టి ప్రతి మెట్టు దగ్గరా గుండె బిగపట్టుకుంటాం. నాకైతే రాక్ సంగీతంలో మనిషి గొంతు చేసిన గొప్ప పనుల్లో ఇదొకటి.

‘స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ ఉమన్’లో గిల్లన్‌కీ బ్లాక్‌మోర్‌కీ మధ్య సవాల్ జవాబ్ నడుస్తుంది. గిటార్ ఒక చిన్న పలుకు విసురుతుంది, గొంతు అచ్చంగా దాన్నే తిరిగి పలుకుతుంది. ఇంకాస్త కష్టమైనది విసురుతుంది, గొంతు వదలదు. జనం నవ్వుతారు, చప్పట్లు కొడతారు. చివర్లో గిల్లన్ ఒక కేక అందుకుని, ఎంతకీ దింపడు. ఇద్దరు మనుషులు ఒకర్నొకరు పరీక్షించుకుంటున్న సరదా అది. అప్పటికే ఆ ఇద్దరి మధ్యా సఖ్యత తగ్గుతోందని తెలిశాక వింటే ఇంకో రుచి వస్తుంది.

[తెర మీద: హామండ్ ఆర్గన్, దాని వెనక మార్షల్ ఆంప్లిఫయర్లు]

‘లేజీ’ జాన్ లార్డ్‌ది. చర్చిల్లో, జాజ్ క్లబ్బుల్లో వాడే హామండ్ ఆర్గన్‌ని ఆయన గిటార్‌కి వాడే మార్షల్ ఆంప్లిఫయర్లకి కలిపాడు. అందుకే అది గుడిగంటలా కాదు, గర్జనలా ఉంటుంది. మొదట్లో ఆయన ఒక్కడే వాద్యాన్ని రకరకాలుగా పలికిస్తాడు, బరబరలు, గురగురలు అన్నీ. తర్వాత బ్లాక్‌మోర్ సోలో మధ్యలో ఉన్నట్టుండి స్వీడన్ స్వరకర్త హ్యూగో ఆల్ఫ్‌వెన్ ‘స్వీడిష్ రాప్సడీ’ ముక్క ఒకటి వినిపిస్తుంది. ఆ క్షణాన చేతికి వచ్చింది వాయించేశాడు. అలాంటి చోట్ల అభిమానులు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు.

‘ద మ్యూల్’ దాదాపుగా పేస్ డ్రమ్ సోలో. వేగం, స్పష్టత రెండూ ఉన్న చెయ్యి. డ్రమ్స్ ఇష్టపడేవాళ్లకి పండగ.

‘స్పేస్ ట్రకింగ్’ గురించి నిజం చెప్పాలి. పాట మొదట్లోనే ముగుస్తుంది, తర్వాతదంతా తమ పాత పాట ‘మాండ్రేక్ రూట్’ రోజుల నుంచి వాళ్లు పెంచుకుంటూ వచ్చిన దీర్ఘ వాయింపు. మధ్యలో కొంత భాగం బరువుగా సాగుతుంది, కొత్తగా వినేవాళ్లు అక్కడ ఆగిపోవడం సహజం. అయినా ఆగకండి. బ్లాక్‌మోర్ గిటార్‌ని దాదాపు నిశ్శబ్దం దాకా దించి, అక్కణ్ణించి హాలు కూలుతుందేమో అన్నంత ఎత్తుకి తీసుకెళ్లే భాగం చివరి వైపే ఉంది.

ఇక అందరికీ తెలిసిన ‘స్మోక్ ఆన్ ద వాటర్’. 1971 డిసెంబర్ 4న స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో, అమెరికన్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కచేరీ మధ్యలో ఎవరో ఫ్లేర్ గన్ (వెలుగు సంకేతాలు పేల్చే తుపాకీ) పేల్చడంతో కాసినో తగలబడింది. జెనీవా సరస్సు మీద పరుచుకున్న పొగే ఈ పాట. ఆల్బమ్ మొత్తం మీద మొదటి రాత్రి, అంటే ఆగస్టు 15 నుంచి తీసుకున్నది ఈ ఒక్క పాటే. మిగతా రెండు రాత్రులూ బ్లాక్‌మోర్ మొదటి రిఫ్‌ని, అంటే మళ్లీ మళ్లీ వచ్చే ఆ చిన్న గిటార్ పలుకుని, సరిగ్గా అందుకోలేదని చెబుతారు. ఈ రోజు గిటార్ పట్టిన ప్రతి పిల్లవాడూ మొదటి వారంలో నేర్చుకునే ఆ నాలుగు ముక్కల్ని కట్టినవాడే తడబడ్డాడు. లైవ్ అంటే అదే మరి.

[తెర మీద: ఆల్బమ్ అట్ట రంగులు, నారింజ, పసుపు]

1972 డిసెంబర్‌లో బ్రిటన్‌లో వచ్చింది. జపాన్‌లో దీని పేరు ‘లైవ్ ఇన్ జపాన్’. ఇంకో విషయం, అట్ట మీద ఫొటో జపాన్‌ది కాదు, లండన్ కచేరీది. అమెరికాలో 1973లో విడుదలై ఆల్బమ్‌ల పట్టికలో ఆరో స్థానం దాకా వెళ్లింది. అదే ఏడాది అక్కడ ‘స్మోక్ ఆన్ ద వాటర్’ సింగిల్‌గా వచ్చి నాలుగో స్థానానికి ఎక్కింది. ఆ సింగిల్ ఒక పక్క స్టూడియో రూపం, రెండో పక్క ఈ జపాన్ రూపం. స్టూడియోలో పుట్టి చాలా నెలలు అయినా ఎవరూ పట్టించుకోని పాటని జనంలోకి తీసుకెళ్లడంలో ఈ ఆల్బమ్ చెయ్యి ఉంది.

కానీ ఆ జట్టు నిలవలేదు. ఒళ్లు విరిగేలా తిప్పిన టూర్లు, లోపలి గొడవలు. 1973 జూన్ 29న గిల్లన్, గ్లోవర్ తమ చివరి ప్రదర్శన ఇచ్చి తప్పుకున్నారు. ఏ ఊళ్లోనో తెలుసా? ఒసాకాలోనే. ఆ ఐదుగురూ మళ్లీ కలవడానికి 1984 దాకా పట్టింది.

అందుకే అభిమానులు దీన్ని అంత ప్రేమగా పట్టుకున్నారు. ఐదుగురు అత్యుత్తమంగా ఉన్న కొద్దికాలంలో మూడు రాత్రులు దొరికాయి. పాటలతో పాటు పాటల మధ్య మాటలు కూడా వాళ్లకి కంఠతా వచ్చు. వేదిక మీద శబ్దం సరిపోవడం లేదని, అన్నీ అన్నిటికంటే గట్టిగా కావాలని అడిగే చోటు ఒకటుంది, అది అభిమానుల్లో నానుడిలా మారిపోయింది. జాన్ లార్డ్ 2012లో కన్నుమూశాడు. డీప్ పర్పుల్ ఆల్బమ్‌లన్నిటిలో తనకి బాగా ఇష్టమైనది ఇదేనని ఆయన చెప్పేవాడు.

కొత్తగా వినేవాళ్లకి నా సలహా. ముందు ఏడు పాటల అసలు ఆల్బమే వినండి, ఒకే కూర్పులో, వరసగా. ఫోన్ స్పీకర్ మీద వద్దు, ఆర్గన్, గిటార్ ఒకదాన్నొకటి తినేస్తాయి. మొత్తం ఒకేసారి కుదరకపోతే ‘చైల్డ్ ఇన్ టైమ్’ ఒక్కటి, లైట్లు తీసేసి. అలవాటయ్యాక మూడు రాత్రుల పూర్తి కచేరీలు ఉన్న 2014 పెట్టె కూర్పు వెతకండి. అందులో ‘స్మోక్ ఆన్ ద వాటర్’ మూడు రూపాలూ పక్కపక్కన పెట్టి వినండి. రిఫ్ ఏ రాత్రి ఎలా పడిందో మీ చెవులే చెబుతాయి. విన్నాక మీకు ఏ రాత్రి నచ్చిందో కింద రాయండి, ఒక్కొక్కటీ చదువుతాను.