పాత స్కోప్ కొనేముందు ఈ రెండు బటన్లు నొక్కి చూడండి

హాయ్ అండీ. ఈరోజు సెకండ్ హ్యాండ్ ఆసిలోస్కోప్, అంటే సిగ్నల్‌ని స్క్రీన్ మీద గీతగా చూపించే పరికరం, దాని గురించి, అదీ ఆడియో పనికి మాత్రమే, అంటే యాంప్‌లు, ప్రీయాంప్‌లు, గిటార్ పెడల్స్, అంతే. ఇదిగో నా టేబుల్ మీదున్నది హామెగ్ హెచ్‌ఎం203, 20 మెగాహెర్ట్జ్, రెండు ఛానెల్స్. మన చెవికి వినపడేదే 20 కిలోహెర్ట్జ్ దాకా, కాబట్టి 100 మెగాహెర్ట్జ్ ఉండాల్సిందే అని ఎవరైనా అంటే పట్టించుకోకండి, ఆ డబ్బుతో మంచి ప్రోబులు, అంటే సర్క్యూట్‌కి తగిలించే వైర్లు, రెండు కొనుక్కోండి.

ఆన్ చేశాం. ఓ పావుగంట వేడెక్కనివ్వండి, ఈలోపు టీ తాగండి. గీత సన్నగా వచ్చిందా, ఫోకస్ తిరుగుతోందా, ఓకే. ప్రోబ్ ఇక్కడ క్యాల్ పిన్‌కి, అంటే స్కోప్ తనే టెస్ట్ సిగ్నల్ ఇచ్చే పిన్‌కి, పెడితే స్క్వేర్ వేవ్, ఇలా, ఓకే. వోల్ట్స్ డివిజన్ నాబ్, అంటే అల ఎంత ఎత్తుగా కనపడాలో మార్చేది, తిప్పుతుంటే గీత గెంతుతోందా? భయపడకండి, చాలాసార్లు అది లోపలి మురికే, కాంటాక్ట్ క్లీనర్ కొడితే పోతుంది, పైగా బేరానికి పనికొస్తుంది. స్క్రీన్ మీద కాలిన మచ్చ ఉన్నా గీత మరీ మసగ్గా ఉన్నా మాత్రం వద్దు, ఆ ట్యూబు వెతుక్కుంటూ తిరగలేం.

ఇప్పుడు అసలు సంగతి, ఇక్కడ కాస్త ఆగుదాం. ఈ రెండు బటన్లు చూడండి, యాడ్, ఇన్వర్ట్. యాడ్ రెండు ఛానెల్స్‌నీ కలుపుతుంది, ఇన్వర్ట్ ఒకదాన్ని తలకిందులు చేస్తుంది. నా మొదటి స్కోప్ కొన్నప్పుడు వీటిని నేను చూడనే లేదు. ఇంటికొచ్చి ఒక బ్రిడ్జ్ యాంప్ బోర్డు పెట్టా, ఒక ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ ఇన్‌పుట్ గ్రౌండ్‌కి, రెండోదాని క్లిప్ స్పీకర్ మైనస్‌కి. స్పీకర్ మైనస్ అంటే గ్రౌండే కదా అనుకున్నా. కాదు! టీడీఏ7297 లాంటి బ్రిడ్జ్ చిప్‌లలో అది కూడా అవుట్‌పుటే, స్కోప్ లోపలేమో రెండు క్లిప్పులూ ఒకటే, అంటే ఆ అవుట్‌పుట్‌ని నేరుగా గ్రౌండ్‌కి షార్ట్ చేసేశా. టప్ మంది, పొగ. క్లిప్పులు మెయిన్స్ ఎర్త్‌కి కూడా కలిసే ఉంటాయి, అలాగని కొందరు స్కోప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేస్తారు, దయచేసి ఆ పని చేయకండి, ప్రాణం మీదకొస్తుంది.

మరెలా? స్పీకర్ ప్లస్‌కి ఒక ప్రోబ్ టిప్, మైనస్‌కి రెండోది, క్లిప్పులు రెండూ బోర్డు గ్రౌండ్‌కే. ఒక ఛానెల్ ఇన్వర్ట్ చేసి యాడ్ నొక్కితే రెంటి మధ్య తేడా కనిపిస్తుంది, మనకి కావాల్సింది అదే. కొనేముందే ఇది చెక్ చేయాలి. నేనైతే ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసుకుని వెళ్తా, 1 కిలోహెర్ట్జ్ సైన్, హెడ్‌ఫోన్ జాక్ నుంచి రెండు ఛానెల్స్‌కీ అదే సిగ్నల్, రెండూ ఒకే వోల్ట్స్ డివిజన్‌లో. ఇన్వర్ట్, యాడ్... గీత తిన్నగా అయిపోవాలి.

అరె, ఇంకా చిన్న అల కనిపిస్తోంది చూశారా? ఆఁ, వోల్ట్స్ డివిజన్ నాబ్ మధ్యలో ఉన్న ఈ వేరియబుల్ నాబ్ క్యాల్‌లో, అంటే కొలత సరిగ్గా ఉండే చోట, లేదు. టక్ మనేదాకా తిప్పాలి... ఇదిగో, పోయింది.