తొమ్మిది అంగుళాల గాలి పరుపు మీద చలి ఎందుకు వేస్తుంది?

[కోత అయిపోయిన చేను. గడ్డిమేటు పక్కన, ఎండలో నీలం రంగు గాలి పరుపు. వెనక కొబ్బరిచెట్లు.]

నమస్కారం అండి. టైమ్ నాలుగు దాటింది, వెలుగున్నంతసేపే ఈ వీడియో. ముందు ఒక చిన్న పని. ఈ పరుపుకి ఇప్పుడే గాలి కొట్టాను. బొటనవేలితో నొక్కుతున్నాను, చూడండి, వేలు దిగట్లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

సంక్రాంతి దగ్గర పడితే చాలు, నన్ను అందరూ ఒకటే అడుగుతారు. "మారేడుమిల్లి వెళ్తున్నాం, టెంటు కొన్నాం. గాలి పరుపు ఎంత మందంగా ఉంటే అంత వెచ్చగా ఉంటుంది కదండీ?" ఉండదండి. అడిగినవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లకి అలా చెప్పి అమ్ముతున్నారు చూడండి, అది నాకు బాధగా ఉంటుంది. డబ్బు పోతుంది, దానితోపాటు ఒక రాత్రి నిద్రా పోతుంది.

రెండేళ్ల కిందట మా బావ అలాగే తొమ్మిది అంగుళాల డబుల్ బెడ్ కొని లంబసింగి తెచ్చాడు. జనవరిలో అక్కడ చలి సంగతి మీకు తెలుసు, పది డిగ్రీల కిందకి దిగిపోతుంది. రెండు రగ్గులు కప్పుకున్నాడు. రాత్రి రెండింటికి వణుకుతూ లేచి, వెళ్లి కారులో కూర్చున్నాడు. చలి పైనుంచి రాలేదు, వీపు కింద నుంచి వచ్చింది. అదే రాత్రి మా పక్కన టీ కొట్టు అతను ఎండుగడ్డి పరిచి, మీద గోనెపట్టా వేసుకుని, తెల్లారేదాకా కదలకుండా పడుకున్నాడు. ఈ వీడియో గడ్డిమేటు పక్కన తీస్తున్నది అందుకే.

[గడ్డిమేటులోంచి ఒక పిడికెడు గడ్డి లాగి కెమెరా ముందు పెట్టాలి.]

ఇదిగో వరిగడ్డి. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లకి దీని గురించి నేను చెప్పేది ఏముంటుంది? నూర్పిళ్ల రోజుల్లో కళ్లంలో కాపలా పడుకునేవాళ్లు దీన్నే పరుచుకునేవాళ్లు. మనిషి బరువుకి అణిగి నాలుగు వేళ్ల మందమే మిగిలేది. అయినా పుష్యమాసపు మంచులో వీపుకి చలి తెలిసేది కాదు. వేసవిలో మామిడికాయలు ముగ్గేసేదీ ఇందులోనే. రెండో రోజు గడ్డిలోకి చెయ్యి పెడితే గోరువెచ్చగా తగులుతుంది. ఆ వేడి ఎండుగడ్డిది కాదు, పండుతున్న కాయలది. గడ్డి దాన్ని బయటికి పోనివ్వదు, అంతే.

ఎలా ఆపుతుంది? ఈ పుల్ల చూడండి, లోపలంతా బోలు. పుల్లకీ పుల్లకీ మధ్య సందులు. ఆ సందుల నిండా గాలి. అంటే గడ్డి పరుపు కూడా గాలి పరుపే! నాకు ఈ విషయం అర్థమైన రోజు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నీళ్లతో పోలిస్తే గాలి వేడిని ఇరవై రెట్లకు పైగా తక్కువగా పంపిస్తుంది. దుప్పటి, స్వెటర్, పిట్ట ఈకలు, అన్నీ ఈ గుణం మీదే పనిచేస్తాయి. షరతు ఒక్కటే: ఆ గాలి ఉన్నచోటే ఉండాలి, కదలకూడదు.

ఇప్పుడు మన నీలం పరుపు. పైన ఒక రేకు, కింద ఒక రేకు, అవి బంతిలా ఉబ్బిపోకుండా మధ్యలో పట్టుకునే పట్టీలు. మిగతాదంతా ఖాళీ హాలు. మీరు ఒత్తిగిల్లినప్పుడల్లా వీపు కింద వెచ్చబడిన గాలి పక్కకి పోతుంది, పక్కన చల్లబడిన గాలి మీ కిందకి వస్తుంది. మందం పెరిగితే ఏమవుతుంది? పక్క గోడల ఎత్తు పెరుగుతుంది. తొమ్మిది అంగుళాల గోడ చుట్టూ చల్లగాలి తగులుతూ ఉంటుంది. పైగా వెచ్చని పై రేకు నుంచి చల్లని కింద రేకుకి వేడి సెగలాగా కూడా వెళ్తుంది, పొయ్యి ముందు కూర్చుంటే మొహానికి తగులుతుందే, అలాగ. గడ్డిలో ప్రతి పుల్లా ఆ సెగకి ఒక అడ్డం. ఖాళీ హాలులో అడ్డం ఏముంది?

కాబట్టి మందం పక్కన పెట్టండి. డబ్బా మీద ఆర్-వాల్యూ అనే అంకె ఉందేమో వెతకండి, పరుపు వేడిని ఎంత బాగా ఆపుతుందో చెప్పే అంకె అది. నేను దాన్ని పనల లెక్క అంటాను, పన అంటే కోసిన వరి కట్ట. ఆర్ 1 అంటే ఒక పన గడ్డి పరిచినట్టు, 4 అంటే నాలుగు పనలు పరిచినట్టు. ఇది పోలిక మాత్రమే, తూకం కాదు. లోపల ఏమీ లేని గాలి పరుపుకి ఈ అంకె 1కి అటూ ఇటూ ఉంటుంది. ఎంత ఎత్తున్నా అంతే. ఒకప్పుడు ఒక్కో కంపెనీ తనకి నచ్చినట్టు కొలుచుకునేది. 2018లో ఏఎస్‌టీఎమ్ ఎఫ్3340 అనే ప్రమాణం వచ్చింది. పరుపుని ఒక వేడి పలకకీ ఒక చల్లని పలకకీ మధ్య పెట్టి, వేడి పలక వేడి తగ్గకుండా ఉండటానికి ఎంత కరెంటు పట్టిందో చూస్తారు. కరెంటు ఎంత తక్కువ పడితే అన్ని ఎక్కువ పనలు. డబ్బా మీద ఆర్-వాల్యూ అసలు రాయలేదంటే అది ఇంట్లో చుట్టాలొస్తే వేసే పరుపు అనుకోండి. ఆ పనికి అది మంచిదే.

మరి ఎన్ని పనలు కావాలి? అంతర్వేది, ఓడలరేవు, దిండి వైపు చలికాలంలో ఒకటి, ఒకటిన్నర చాలు. ఏప్రిల్‌లో అయితే గడ్డి అసలే వద్దు, నేల చల్లదనమే హాయి. అప్పుడు మామూలు గాలి పరుపు మీద నూలు దుప్పటి వేసుకోండి, లేకపోతే చెమటకి ప్లాస్టిక్ ఒంటికి అంటుకుంటుంది. డిసెంబరులో మారేడుమిల్లికి రెండు నుంచి మూడు. లంబసింగి, వనజంగి, అరకు అంటే మూడు నుంచి నాలుగు. హిమాలయాల్లో మంచు మీద టెంటు వేసేవాళ్లకి ఐదు దాటాలి.

ఈ పనలు పరుపులోకి ఎలా వస్తాయంటే, ఒకటి, దాని లోపల స్పాంజి లాంటి ఫోమ్ పెడతారు. మూత తిప్పగానే ఫోమ్ విచ్చుకుని గాలిని తనే పీల్చుకుంటుంది. 1970ల మొదట్లో అమెరికాలోని సియాటిల్‌లో, బోయింగ్‌లో ఉద్యోగం పోయిన ఇంజనీర్లు దీన్ని తయారు చేశారు. థర్మ్-ఎ-రెస్ట్ పేరు అలా మొదలైంది. నా లెక్కలో ఇది రబ్బరు సంచిలో కుట్టిన గడ్డి. ఫోమ్ గదుల్లో గాలి చిక్కుకుపోతుంది, ఒత్తిగిల్లినా పెద్దగా కదలదు. రెండో రకంలో ఫోమ్ బదులు దూది లాంటి పీచు గానీ, సెగని వెనక్కి పంపే మెరుపు రేకులు గానీ పెడతారు. తేలిక, అర కిలో ఉంటుంది, ధర మాత్రం ఎక్కువ. మూడోది గాలే కొట్టక్కర్లేని గట్టి ఫోమ్ చాప. చుట్టి బ్యాగుకి కట్టుకోవచ్చు, ముల్లు గుచ్చుకున్నా ఏమీ కాదు. సుమారు రెండు పనలు. మెత్తగా ఉండదు గానీ నమ్మకం. నన్నడిగితే కుర్రాళ్లకి ఇదే చెప్తాను.

గడ్డి తడిస్తే ఏమవుతుందో తెలుసు కదా? అణిగిపోతుంది, సందుల్లోకి గాలి బదులు నీళ్లొస్తాయి, ఇక వెచ్చదనం ఉండదు. రబ్బరు సంచిలోని స్పాంజి కూడా అంతే. నోటితో ఊదితే ఊపిరిలోని తేమ లోపలికి వెళ్లి, మన కోనసీమ ఉక్కలో నాలుగు నెలలకి బూజు వాసన వస్తుంది. చివరి రెండు ఊపిర్లయితే పర్లేదు. మొత్తం నోటితో ఊదకండి.

ఆల్రెడీ మందపాటి గాలి పరుపు కొనేశారా? పారేయకండి. పనలు ఒకదాని మీద ఒకటి వేస్తే కూడుకుంటాయి కదా, ఆర్-వాల్యూ కూడా అలాగే కూడుతుంది. 1 ఉన్న పరుపు, 2 ఉన్న ఫోమ్ చాప కలిపితే 3. ఫోమ్ చాప లేకపోతే అమ్మమ్మ కుట్టిన పాత బొంత. అది ఎక్కడ వేయాలి? చలి కోసమైతే పరుపు పైన, మీ వీపుకి తగిలేలా. ముళ్ల కోసమైతే కింద. మా బావకి ఈ సంగతి అప్పుడే చెప్పి ఉంటే కారులో కూర్చునేవాడు కాదు. బొంత డిక్కీలోనే ఉంది.

[పరుపు వైపు చూపించాలి. ఎండ వాలిపోయింది.]

ఇప్పుడు రెండో అపోహ. "రాత్రి బిగుతుగా కొట్టాం, తెల్లారేసరికి మెత్తబడింది, పంక్చర్ సరుకు అంటగట్టారు." తొందరపడకండి. చల్లబడితే గాలి ముడుచుకుంటుంది. సాయంత్రం 30 డిగ్రీల్లో కొట్టారు, తెల్లవారుజామున 15 అయింది. ఈ లెక్కకి డిగ్రీలకి 273 కలపాలి: 303 నుంచి 288కి. అంటే సుమారు 5 శాతం తగ్గుదల. చిల్లు లేదు, గాలి ఎక్కడికీ పోలేదు, అయినా నడుము నేలకి తగులుతుంది. దానికి తోడు కొత్త పీవీసీ పరుపు మొదటి రెండు మూడు రాత్రులు సాగుతుంది. అందుకని బయల్దేరే ముందు ఇంట్లోనే రెండు రాత్రులు కొట్టి ఉంచండి. క్యాంపులో పడుకోబోయే ముందు, గాలి చల్లబడ్డాక, నాలుగు దెబ్బలు వేయండి. దీనికి ఎదురు లెక్క కూడా ఉంది. మధ్యాహ్నం మూసిన టెంటులో బిగుతుగా వదిలేస్తే గాలి వ్యాకోచించి లోపలి పట్టీ తెగుతుంది. పరుపు మీద బుర్రలాగా ఒక బుడగ లేస్తుంది. దానికి రిపేరు లేదు. పగలు కాస్త గాలి వదిలేయండి.

వెలుగు పోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

సైజు: క్వీన్ అంటే 152 సెంటీమీటర్ల వెడల్పు, 203 పొడవు. టెంటు అడుగు కొలిచాకే కొనండి. ఎత్తు పరుపు మీద పడుకుంటే మొహం టెంటు వాలు గోడకి తగులుతుంది, ఆ గోడ మీద మంచు చెమర్చి ఉంటుంది. ఇద్దరికి ఒక డబుల్ కన్నా రెండు సింగిల్స్ మేలు. ఒకరు లేస్తే రెండోవాళ్లు దిగిపోరు.

పంపు: సైకిల్ పంపు తేవద్దు. సింగిల్ పరుపు కూడా రెండు మూడొందల లీటర్లు పడుతుంది, సైకిల్ పంపు ఒక దెబ్బకి అర లీటరు కూడా ఇవ్వదు. కాలి పంపు గానీ, బ్యాటరీ పంపు గానీ తీసుకోండి. మూత తెరిచినా గాలి వెనక్కి రాని వన్‌వే వాల్వు ఉందో లేదో చూడండి.

ముళ్లు: ఇసుక తిన్నెల మీద పల్లేరుకాయలు, చేలో వరి మోళ్లు, తోటలో తాటిమట్ట రంపాలు. టెంటు వేసే ముందు అరచేత్తో నేలంతా తడమండి. చిల్లు పడితే షాంపూ నీళ్లు రాయండి, బుడగ వచ్చిన చోట పెన్నుతో గుర్తు పెట్టండి. సైకిల్ షాపు సొల్యూషన్ పీవీసీకి పట్టదు. పరుపుతో వచ్చిన ప్యాచ్ జాగ్రత్తగా దాచుకోండి. పైన వెల్వెట్ లాంటి నూగు ఉంటే అది గీకేశాకే అతికించండి.

ఈ రెండూ మాత్రం బతిమాలి చెప్తున్నాను. పసిపిల్లల్ని గాలి పరుపు మీద పడుకోబెట్టకండి. మెత్తదనానికి మొహం కూరుకుపోతే వాళ్లు తిప్పుకోలేరు, ఊపిరి ఆడదు. వాళ్లకి నేల మీద చాప, బొంత వేయండి. ఇంకొకటి, ఈ పరుపుని గోదావరిలో వేయకండి. పాపికొండల దగ్గరైనా, మన రేవులోనైనా, పిల్లలు దీన్ని తెప్ప అనుకుంటారు. గాలి తోస్తే అది నడి గోదాట్లోకి వెళ్లిపోతుంది, కింద ఇసుక గోతులు ఉంటాయి. ఇది పడుకునే సామాను.

ఇంటికొచ్చాక నీడన ఆరబెట్టి, ఫోమ్ పరుపైతే మూత తెరిచే ఉంచి, విప్పి పెట్టండి. అటక మీద వద్దు, ఎలుకలు కొరుకుతాయి.

[చీకటి పడుతోంది. కెమెరా పరుపు దగ్గరికి.]

రండి, ఇప్పుడు నొక్కుదాం. అదే చోట, అదే బొటనవేలు. చూశారా, దిగింది. మనం మొదలుపెట్టినప్పుడు ఎండలో ఉంది, ఇప్పుడు మంచు పడటం మొదలైంది. షాంపూ నీళ్లు అంతా రాశాను, ఎక్కడా బుడగ లేదు. తమ్ముడూ, ఆ పంపు ఇటివ్వు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇప్పుడు నొక్కుతున్నాను.

దిగట్లేదు.