పడిశం పట్టిన రోజు క్రేన్ ఎక్కొద్దు

అందరికీ నమస్కారం. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో పనిచేసే అన్నదమ్ములూ, మేస్త్రీలూ, యజమానులూ ఒకేచోట కూర్చున్నారు కాబట్టి ఇవాళ పడిశం గురించి మాట్లాడతాను. డాక్టరు దుమ్ము గురించి చెబుతాడని అనుకుని వచ్చుంటారు. దాని దగ్గరికీ వస్తాను.

'పడిశం పది రోగాల పెట్టు' అని మన పెద్దలు అననే అన్నారు. అయినా మనం దాన్ని రోగంగా లెక్కే వేయం. జ్వరమొస్తే మేస్త్రికి ఫోన్ చేసి రానని చెబుతాం. ముక్కు కారుతుంటే మాత్రం తువ్వాలు భుజాన వేసుకుని పనిలోకి పోతాం. 'ముక్కుకే కదా వచ్చింది, చేతులకేం' అంటాం. చేతులకూ వస్తుందండీ. నేను చెప్పదలచుకున్నది అదే.

ఇంగ్లండ్‌లో సాల్స్‌బరీ దగ్గర యుద్ధకాలంలో కట్టిన ఆసుపత్రి ఒకటి ఉండేది. 1946లో అందులో జలుబు పరిశోధన కేంద్రం పెట్టి నలభై ఏళ్లకు పైగా నడిపారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు తమంతట తామే వచ్చి చేరితే, వాళ్ల ముక్కులో వైరస్ చుక్కలు వేసి, విడిగా ఉంచి, గమనించేవారు. 1980లలో ఆండ్రూ స్మిత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అక్కడ ఇంకో సంగతి చూశారు. ముక్కు సరే, వీళ్ల బుర్ర ఎలా ఉంది? చెయ్యి ఎలా ఆడుతోంది? తెర మీద గుర్తు కనబడగానే మీట నొక్కమన్నారు. కదిలే గుర్తును చేత్తో వెంబడించమన్నారు. ఫ్లూ వచ్చినవాళ్లు, ఎప్పుడొస్తుందో తెలియని గుర్తును పసిగట్టడంలో వెనకబడ్డారు. మామూలు జలుబు వాళ్లకు కన్నూ చెయ్యీ కలిసి చేసే పని దెబ్బతింది. ముక్కు కారడం ఆగాక కూడా ఆ మందకొడితనం కొంత మిగిలింది. జలుబుతో ఉన్నప్పుడు చురుకు తగ్గుతుందనీ, మనసు దిగాలుగా ఉంటుందనీ, కొత్త విషయం బుర్రకెక్కడానికి ఎక్కువసేపు పడుతుందనీ తర్వాతి పరీక్షల్లో తేలింది.

కన్నూ చెయ్యీ కలిసి చేసే పని అంటే ఈ ఊరివాళ్లకు నేను చెప్పాలా? టన్నుల బరువున్న బ్లాకును దించుతూ, కింద నిలబడ్డ మనిషి సైగ చూసి క్రేన్ ఆపాలి. పాలిష్ అయిన పలకను నలుగురు కలిసి నిలబెట్టేటప్పుడు ఒకరి పట్టు ఆలస్యమైతే మిగతా ముగ్గురి కాళ్లకూ ప్రమాదమే. లెక్కకు అది సెకనులో చిన్న ముక్క. కాలు పోవడానికి అది చాలు.

ఇదంతా ఎందుకు జరుగుతుంది? వైరస్ ఉండేది ముక్కులో, గొంతులో. దాన్ని ఎదుర్కోవడానికి మన శరీరమే ఇంటర్‌ఫెరాన్, ఇంటర్‌ల్యూకిన్ వంటి రసాయనాలు తయారుచేస్తుంది. పడుకో, తిరగకు, ఎవరితోనూ పెట్టుకోకు అని మెదడుకు చెప్పేవి అవే. 1988లో బెంజమిన్ హార్ట్ అనే పశువైద్య శాస్త్రవేత్త జబ్బుపడ్డ జంతువుల తీరును పరిశీలించి, ఆ ముడుచుకుపోవడం కోలుకోవడానికి శరీరం పట్టుకున్న దారేనని వివరించారు. ఒంగోలు గిత్త మేత ముట్టకుండా మూలన పడుకుంటే దానికి పొగరని ఎవరూ అనరు. మనిషి పడిశంతో విసుక్కుంటే మాత్రం పొగరంటాం. ఇంట్లో ఆడమనిషి ముక్కు చీదుకుంటూ వంట చేస్తూ ఒక మాట గట్టిగా అంటే రోజంతా గొడవ. రెండు రోజులు ఆ మాటలు పట్టించుకోకండి. అవి పడిశం మాటలు.

యజమానులను ఒకటి అడుగుతాను. పడిశం పట్టిన మనిషిని రెండు మూడు రోజులు క్రేన్ నుంచీ కోత మిషన్ నుంచీ తప్పించండి. పలకలు లెక్కపెట్టే పని, నంబర్లు వేసే పని ఇవ్వండి. కూలీ మాత్రం కోయొద్దు. కూలీ కోస్తారని తెలిస్తే ఎవరూ పడిశమని చెప్పరు, తుమ్ము ఆపుకుని మిషన్ దగ్గరే నిలబడతారు. మేస్త్రీలు కూడా పొద్దున్నే పని పంచేటప్పుడు 'ఎవరికైనా ఒంట్లో బాగాలేదా' అని అడగాలి. అడిగితేనే చెబుతారు.

మందుల సంగతి. సిట్రజిన్, సీపీఎం (క్లోర్‌ఫెనిరమైన్) లాంటి జలుబు మాత్రలు ముక్కు కారడాన్ని కాస్త ఆపుతాయేమో గానీ నిద్రమత్తు తెస్తాయి. రాత్రి వేసుకున్న సీపీఎం మత్తు మర్నాడు పొద్దున కూడా ఉంటుంది. అసలే మందగించిన చేతికి అదొకటి తోడు. మెడికల్ షాపులో అడగండి, మత్తు తెచ్చే మాత్రయితే ఆ రోజు బండి కూడా నడపొద్దు. యాంటీబయాటిక్ జలుబు వైరస్‌ను ఏమీ చేయలేదు. కాఫీతో చురుకు కొంతవరకు తిరిగొస్తుందని స్మిత్ పరీక్షల్లోనే తేలింది. అలాగని కాఫీ తాగి క్రేన్ ఎక్కమని నేను చెప్పడం లేదు.

నిద్ర గురించి గట్టిగా చెప్పాలి. అమెరికాలో 164 మంది ముక్కులో జలుబు వైరస్ వేసి చూస్తే, రాత్రికి ఆరు గంటలకన్నా తక్కువ పడుకున్నవాళ్లకు, ఏడు గంటలు దాటి పడుకున్నవాళ్లకన్నా జలుబు వచ్చే అవకాశం నాలుగు రెట్లు పైగా కనిపించింది. అది 2015లో అచ్చయింది. నైట్ డ్యూటీ దిగిన మనిషిని మళ్లీ పగలు పనికి పిలవకండి. అప్పుల టెన్షన్‌లో ఉన్నవాళ్లూ జాగ్రత్త. మానసిక ఒత్తిడి ఎక్కువైతే జలుబు తేలిగ్గా పట్టుకుంటుందని సాల్స్‌బరీలోనే 394 మందిని పరీక్షించి చెప్పారు.

ఇక దుమ్ము. జలుబు సాధారణంగా వారం, పది రోజుల్లో పోతుంది. దగ్గు రెండు వారాలు దాటినా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా అది పడిశం అనుకుని ఊరుకోకండి. ఏళ్ల తరబడి రాతి దుమ్ము పీల్చినవాళ్లకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు, దాని వెంట క్షయ ముప్పూ పెరుగుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో క్షయకు కళ్లె పరీక్ష ఉచితం. ఇప్పుడే అలాంటి దగ్గు ఉన్నవాళ్లు సభ అయ్యాక వెళ్లిపోకుండా నా దగ్గరికి రండి, చీటీ రాసిస్తాను.