తీర్పు మట్టిదే: అంపైరు లేని వీధి ఆటలు ఎలా నడిచేవి?

[దృశ్యం: మట్టి వీధి. నేల మీద పుల్లతో గీసిన ఎనిమిది గడులు. కెమెరా నెమ్మదిగా కిందికి దిగి ఒక చిన్న పాదముద్ర దగ్గర ఆగుతుంది.]

వ్యాఖ్యానం:

నమస్కారం. తెర మీద కనిపిస్తున్న ఈ పాదముద్రను కాస్త జాగ్రత్తగా చూడండి. మడమ గడి లోపలే ఉంది కానీ, బొటనవేలు గీతను చెరిపి అవతలికి పోయింది. తొక్కుడుబిళ్ల ఆడిన వారికి ఇంతకు మించి చెప్పనక్కరలేదు. ఆ పిల్ల ఔటు. ఆమె ఎంత వాదించినా, కళ్ల నీళ్లు పెట్టుకున్నా ఆ ముద్ర అక్కడే ఉంటుంది.

ఈ వీడియోలో నేను వివరించదలచిన విషయం ఇదే. పెద్దవాళ్లెవరూ లేని చోట, రాసిపెట్టిన నియమాలు ఒక్కటీ లేకుండా, పదిహేను ఇరవైమంది పిల్లలు సాయంత్రం నాలుగు గంటల నుంచి వీధి దీపం వెలిగేదాకా ఎలా ఆడుకోగలిగేవారు? తగవులు రాలేదని కాదు, రోజుకు పది వచ్చేవి. అయినా ఆట సాగేది. పాత ఆటల నిర్మాణాన్ని నిదానంగా పరిశీలిస్తే దానికి కారణం కనిపిస్తుంది: ప్రతి ఆటా ఏదో ఒక చోట అందరికీ కనిపించే, లేదా అందరికీ వినిపించే సాక్ష్యాన్ని మిగిల్చేటట్లు తయారై ఉంది.

[దృశ్యం: కందుకూరు పాత వీధి. పెంకుటిల్లు, బయట అరుగు.]

నేను ఆడుకున్నది కందుకూరులో. అప్పుడది ప్రకాశం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు నెల్లూరు జిల్లాలో కలిసింది. జిల్లా గీతను జరపడానికి ప్రభుత్వ ఉత్తర్వు కావలసి వచ్చింది గానీ, మా వీధి గీతలను జరపడానికి ఒక చీపురుపుల్ల సరిపోయేది. మా వైపు పిల్లలను పిలకాయలు అంటారు. "పిలకాయలంతా ఏడ చచ్చార్రా?" అని మా మేనత్త అరుగు మీద నుంచి కేకవేసే వేళకు మేము సాధారణంగా పంటలు వేసుకుంటూ ఉండేవాళ్లం.

[దృశ్యం: ముగ్గురు పిల్లల చేతులు ఒకదాని మీద ఒకటి. ఒక్కసారిగా విడిపోతాయి: రెండు అరచేతులు పైకి, ఒకటి బోర్లా.]

పంటలు వేయడం అంటే దొంగ ఎవరో తేల్చే పద్ధతి. ముగ్గురు చేతులు కలిపి ఊపి, ఒక్కసారిగా అరచేతిని వెల్లకిలా గానీ బోర్లా గానీ పెడతారు. ఇద్దరివి ఒక రకంగా పడి ఒకరిది వేరుగా పడితే, ఆ వేరుపడినవాడు పండినట్లు, అంటే బయటపడినట్లు. చివరికి పండకుండా మిగిలినవాడు దొంగ. ముగ్గురే ఎందుకు? చిన్న లెక్క వేసి చూద్దాం. మూడు చేతులు ఎనిమిది రకాలుగా పడవచ్చు. వాటిలో అన్నీ ఒకేలా పడేవి రెండే, మిగిలిన ఆరింటిలో ఎవరో ఒకరు వేరుపడి తీరుతారు. నలుగురు వేస్తే పదహారు రకాలలో ఎనిమిదింటిలోనే అలా జరుగుతుంది. ఇద్దరే వేస్తే అసలు తేలదు. అందుకే చివరకు ఇద్దరు మిగిలినప్పుడు, అప్పటికే పండినవాడొకడు వచ్చి తన చేయి తోడు ఇచ్చేవాడు. సంభావ్యత అనే మాట మేము ఇంటర్మీడియట్‌కు వచ్చేదాకా వినలేదు గానీ, మూడు చేతుల సంగతి ఆరేళ్లకే తెలుసు.

ఇందులో మోసానికి ఒకే దారి ఉంది: పక్కవాళ్ల చేతులు చూసి ఒక క్షణం ఆలస్యంగా తన చేతిని తిప్పడం. చుట్టూ ఉన్నవాళ్లంతా చేతులనే చూస్తూ ఉంటారు కాబట్టి అది చెల్లేది కాదు. "తొండి!" అని ఒక్క గొంతు లేస్తే చాలు, మళ్లీ వేయవలసిందే.

[దృశ్యం: విరిగిన పలక ముక్క. పక్కన కుండ పెంకు.]

ఇక తొక్కుడుబిళ్లకు వద్దాం. ఒంటికాలి మీద కుంటుతూ, బిళ్లను కాలితోనే ఒక గడి నుంచి మరొక గడికి నెట్టాలి. కాలు గానీ బిళ్ల గానీ గీత మీద పడకూడదు. మాకు బిళ్ల అంటే చాలాసార్లు పలక ముక్కే. అప్పటి ప్రకాశం జిల్లా పడమటి వైపున ఉన్న మార్కాపురం పలకల పరిశ్రమకు పేరుపొందిన ఊరు. పలకరాయి పొరలుపొరలుగా చీలుతుంది కాబట్టి దాని ముక్క రెండు వైపులా చదునుగా ఉంటుంది, నేల మీద సాఫీగా జారుతుంది. బడిలో పలక పగిలిన రోజు ఇంట్లో వీపు మోగేది, వీధిలో మాత్రం ఆ ముక్కకు గిరాకీ ఉండేది. అయితే మరీ ఎక్కువ జారే ముక్క తెచ్చిన పిల్లను మిగతావాళ్లు ఒప్పుకునేవారు కాదు. అందరూ కుండ పెంకుతో ఆడుతుంటే ఒకరికి మాత్రమే పలక ముక్క ఉండడం అన్యాయమని వాళ్ల వాదన. ఆట మొదలుకాక ముందే సామాను సమానంగా ఉందా అని తనిఖీ జరిగేదన్నమాట.

గీత తొక్కారా లేదా అన్నది మాత్రం మట్టే చెప్పేది. మెత్తటి దుమ్ములో గీసిన గీతకు రెండు వైపులా సన్నటి గట్టు లేస్తుంది. వేలు తగిలితే ఆ గట్టు విరుగుతుంది. ఇంతకంటే సున్నితమైన పరికరం ఏముంటుంది? ఆట ముదిరేకొద్దీ గడులన్నీ ముద్రలతో నిండిపోతే, అరచేత్తో చదును చేసి గీతను మళ్లీ గీసేవారు.

[దృశ్యం: బిళ్లంగోడు. నేలలో చిన్న గుంట, దాని మీద అడ్డంగా పెట్టిన బిళ్ల. గోడుతో ఎగరేసిన బిళ్ల గాలిలో తిరుగుతూ దూరంగా పడుతుంది.]

నా దృష్టిలో అన్నింటికంటే తెలివైన నియమం బిళ్లంగోడులో ఉంది. ఈ ఆటకు ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క పేరు. కర్రాబిళ్ల అనేవారూ ఉన్నారు, చిల్లకట్టె అనేవారూ ఉన్నారు. పొడుగు కర్ర గోడు, రెండు కొసలూ చెక్కిన పొట్టి కర్ర బిళ్ల. మా వీధిలో రెండింటినీ తుమ్మకొమ్మతోనే చెక్కేవారు, ఎందుకంటే మెత్తటి కర్ర అయితే నాలుగు దెబ్బలకే చీలిపోతుంది. బిళ్లను ఎగరగొట్టిన తరువాత, అది పడిన చోటు నుంచి గుంట దాకా ఎన్ని గోడుల దూరం ఉందో అన్ని పాయింట్లు.

ప్రతి దెబ్బకూ వంగి కొలుచుకుంటూ కూర్చుంటే పొద్దు గూకిపోతుంది. అందుకని కొట్టినవాడు కొలవకుండానే తన లెక్కను తానే అడిగేవాడు. "ముప్పై" అంటాడు. అవతలి జట్టు ఒప్పుకుంటే ముప్పై రాసుకున్నట్లే. అనుమానం వస్తే "కొలువు" అంటారు. కొలిచినప్పుడు అడిగినదానికంటే తక్కువ వస్తే కొట్టినవాడికి ఆ దెబ్బ పోతుంది, ఆటా పోతుంది. సరిపోతే మాత్రం, మా వీధి కట్టు ప్రకారం, అడిగినదానికి రెట్టింపు ఇవ్వాలి.

[దృశ్యం: గ్రాఫిక్. గుంట నుంచి బిళ్ల దాకా గీత. దాని మీద 30, 40, 45 అనే అంకెలు.]

దీని లోతు చూడండి. గోడు మూరెడు అనుకుందాం, అంటే సుమారు 45 సెంటీమీటర్లు. బిళ్ల 18 మీటర్ల దూరంలో పడితే అసలు లెక్క నలభై. కొట్టినవాడు ముప్పై అడిగితే పది పోగొట్టుకున్నాడు. నలభై అయిదు అడిగితే అవతలివాళ్లు కొలిపిస్తారు, మొత్తం పోతుంది. కనుక ఆశకూ భయానికీ మధ్య అతని నోటి నుంచి ముప్పై ఎనిమిదో ముప్పై తొమ్మిదో వస్తుంది. అవతలి జట్టుకు కూడా ఊరికే అనుమానించే వీలు లేదు, రెట్టింపు భయం ఉంది. ఇద్దరిలో ఎవరూ నిజాయితీపరులు కానక్కరలేదు. అయినా వచ్చే అంకె నిజానికి దగ్గరగా ఉంటుంది. నిజం చెప్పడమే లాభసాటి అయ్యేటట్లు వేలంపాటల నియమాలను ఎలా రూపొందించాలన్నది అర్థశాస్త్రంలో పెద్ద చర్చ. మా వీధిలో చొక్కా గుండీలు కూడా సరిగా పెట్టుకోనివాళ్లు దీన్ని రోజూ అమలు చేసేవారు.

[దృశ్యం: చెడుగుడు. మధ్య గీత దాటి వెళుతున్న కుర్రవాడు. శబ్దం మాత్రం స్పష్టంగా వినిపించాలి.]

చెడుగుడులో సాక్ష్యం నేల మీద ఉండదు, గాలిలో ఉంటుంది. అవతలి బరిలోకి వెళ్లినవాడు ఒకే ఊపిరితో తిరిగిరావాలి. వాడు మధ్యలో ఊపిరి పీల్చుకున్నాడో లేదో బయటివాళ్లకు తెలిసేదెలా? అందుకే కూత. నోటితో మాట ఆపకుండా పలుకుతూ ఉండాలి, ఆగితే ఔటు. లోపల జరిగేదాన్ని బయటికి వినిపించే ఏర్పాటు అది. కబడ్డీ 1990 బీజింగ్ ఆసియా క్రీడలలో పతకాల ఆటగా చేరింది. నేటి పోటీలలో రైడుకు 30 సెకన్ల గడువు ఉంది, దానిని కొలవడానికి గడియారం ఉంది, చుట్టూ నిర్ణేతలు ఉన్నారు. మాకు గడియారం మా ఊపిరితిత్తులే.

ఏడుపెంకులాటలో బంతి వీపుకు తగిలిందా లేదా అన్న తగవు వస్తే, చొక్కా మీద దుమ్ము ముద్ర వెతికేవాళ్లం. బొంగరాలలో ఓడినవాడి బొంగరం మీద మేకు గాట్లు పడేవి, నెలల తరబడి చెరగని లెక్క అది. వానాకాలంలో, మాకు అసలు వానలు పడే అక్టోబరు, నవంబరు నెలలలో, తడి నేలలో ఇనుప చువ్వను విసిరి గుచ్చే ఆట ఉండేది. చువ్వ నిలబడిందా, పడిందా, అంతే. వాదించడానికి ఏమీ మిగలదు.

[దృశ్యం: గోడ మీద బొగ్గుతో గీసిన మూడు నిలువు గీతలు. వాటి పక్కన గుండ్రటి తడి మరక.]

క్రికెట్ మా వీధికి వచ్చినప్పుడు కూడా పిల్లలు ఇదే బుద్ధిని ఉపయోగించారు. గోడ మీద బొగ్గుతో గీసిన వికెట్లకు బంతి తగిలిందో, పక్కనుంచి పోయిందో తేలక కొట్టుకున్నంత పని జరిగిన తరువాత, ఎవరికి తట్టిందో గానీ, బంతిని నీళ్లలో ముంచి వేయడం మొదలైంది. తడి మరక ఎక్కడ ఉంటే అక్కడే తీర్పు. అంతర్జాతీయ క్రికెట్‌లో నిర్ణయాల సమీక్ష పద్ధతి అధికారికంగా 2009లో మొదలైంది. మా ముంతెడు నీళ్లు అంతకు చాలా ముందే పనిలో ఉన్నాయి.

[దృశ్యం: వ్యాఖ్యాత అరుగు మీద కూర్చుని ఉంటారు.]

సాక్ష్యం దొరకని సందర్భాలు లేవా? ఉన్నాయి. అప్పుడు ఒట్టు వేయించేవారు. అదీ కుదరకపోతే ఆ దెబ్బను లేనట్టుగా భావించి మళ్లీ ఆడేవారు. అన్నింటికంటే కష్టమైన తగవు బంతి సొంతదారుతో వచ్చేది. ఔటైన మరుక్షణం బంతి తీసుకుని ఇంటికి పోయే పిల్లవాడు ప్రతి వీధిలోనూ ఉంటాడు. మా వీధిలోనూ ఒకడు ఉండేవాడు, వాడిమీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. చివరికి తలా కొంత వేసుకుని ఉమ్మడి బంతి కొన్నాం. దానిని రాత్రిపూట ఎవరి ఇంట్లో దాచాలన్నది మరొక తగవు.

ఆటలో అరటిపండు సంగతి కూడా చెప్పాలి. తమ్ముణ్ణి చంకనేసుకుని పోతేనే ఆటకు పంపుతానని అమ్మ షరతు పెట్టేది. ఆ నాలుగేళ్లవాడు పరుగెత్తలేడు, వాడివల్ల జట్టు ఓడిపోతుంది. అందుకని వాణ్ణి అరటిపండు అనేవారు: వాడు అందరితో పాటు పరుగెత్తుతాడు, కేకలు వేస్తాడు, కానీ ఔటవడు, పాయింటు తేడు, ఆ సంగతి వాడికి తెలియదు. చిన్నవాడు ఏడవలేదు, పెద్దవాళ్ల లెక్క చెడలేదు.

స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే, తనకు గోళీల ఆట రానట్టుగా పిల్లల దగ్గర కూర్చుని నియమాలు నేర్పమని అడిగి తెలుసుకున్న విషయాలను 1932లో ప్రచురించాడు. చిన్నపిల్లలు నియమాలు పెద్దలు ఇచ్చినవనీ, మార్చరానివనీ నమ్ముతారనీ, పదకొండేళ్ల ప్రాంతానికి వచ్చేసరికి అందరూ ఒప్పుకుంటే వాటిని మార్చుకోవచ్చని గ్రహిస్తారనీ ఆయన గమనించాడు. బిళ్లంగోడులో రెట్టింపు కట్టును మా వీధిలో పెట్టినవాళ్లు కూడా ఆ వయసువాళ్లే.

[దృశ్యం: అదే వీధి, నేడు. సిమెంటు రోడ్డు, ఇరువైపులా మోటారు సైకిళ్లు.]

ఈ ఆటలు పోవడానికి సెల్‌ఫోనే కారణమని అందరూ అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. మా వీధికి సెల్‌ఫోను కంటే ముందు సిమెంటు రోడ్డు వచ్చింది. బురద పోయిందని పెద్దలు సంతోషించారు, అది న్యాయమే. కానీ సిమెంటులో గోళీల గుంట తవ్వలేము, బిళ్లను లేపడానికి పల్లం ఉండదు, చువ్వ గుచ్చుకోదు, చెడుగుడులో పడితే మోకాలు చెక్కుకుపోతుంది, గీత మీద వేసిన కాలు ఏ గుర్తునూ మిగల్చదు. సుద్దముక్కతో గీత గీయవచ్చు, కానీ తొక్కిందా లేదా అన్నది నోటిమాట మీదే ఆధారపడుతుంది. ఆడే పిల్లలు ఉన్నా, ఎవరి పక్షమూ వహించని ఆ సాక్షి లేకుండా పోయింది.

[దృశ్యం: సిమెంటు రోడ్డు మీద సుద్దతో గీసిన ఎనిమిది గడులు. పక్కన ఇల్లు కడుతున్న చోట ఇసుక కుప్ప.]

మొన్న సంక్రాంతికి ఊరికి వెళ్లినప్పుడు, మా పాత ఇంటి ఎదుట నలుగురు ఆడపిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. బిళ్ల స్థానంలో గ్రానైటు ముక్క ఉంది; చీమకుర్తి రాయి కాబోలు, నల్లగా మెరుస్తోంది. ఒక పిల్ల గీత తొక్కిందని మిగతావాళ్లు, తొక్కలేదని ఆ పిల్ల. కాసేపు గొడవ జరిగింది. వారిలో కాస్త పెద్దది, ఏమీ మాట్లాడకుండా, ఇల్లు కడుతున్న చోటికి పోయి రెండు దోసిళ్ల ఇసుక తెచ్చి గీతల వెంబడి పలచగా చల్లింది.

"ఇప్పుడు ఆడవే" అంది.

[దృశ్యం: ఇసుక మీద పడుతున్న ఒంటికాలి ముద్ర. శబ్దం ఆగిపోతుంది.]